నూట ఎనభై ఒకటో రోజు

ఆ ఆదివారం సోమశిల ఇంటి వరండాలో ఉన్నవాళ్లు నలుగురు: మా చిన్నమ్మ, చిన్నాయన, వాళ్ల కూతురు, నేను. బల్ల మీద ఉన్నవి: చిన్నమ్మ పాస్‌పోర్టు, కూతురి స్కానింగ్ రిపోర్టు, హైదరాబాద్ కంపెనీ ఒకటి పంపిన ఉత్తరం, నా ల్యాప్‌టాప్, వేయించిన చేపముక్కల పళ్లెం. పళ్లెం ల్యాప్‌టాప్‌కు దూరంగా జరపమని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ అది మళ్లీ దగ్గరికే వచ్చింది.

డిసెంబర్ చివరి వారం. ఎదురుగా కృష్ణ వెనకజలాలు నిండుగా ఉన్నాయి. చిన్నమ్మ మస్కట్ నుంచి వచ్చి తొమ్మిదో రోజు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మా తాతలు డ్యాములు కట్టడానికి, కాలువలు తవ్వడానికి ఊళ్లు పట్టుకొని తిరిగినవాళ్లు. ఆ ఇంట్లోంచి మొదట విమానమెక్కి పనికి పోయిన మనిషి చిన్నమ్మ. మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంది. కూతురికి నాలుగేళ్లున్నప్పుడు మస్కట్ పోయింది. పందొమ్మిదేళ్లు అక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేసి, ఆ డిసెంబర్‌లో మానేసి వచ్చింది. కూతురు బడికి పోయినన్నాళ్లు జడలు వేసింది మా అమ్మ. గద్వాలలో మా ఇంట్లో అద్దం ముందు ఆ పిల్ల కూర్చునే పీట ఇప్పటికీ ఉంది.

ఆ పిల్లకు అప్పటికి ఆరో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన బిడ్డకు మొదటి నీళ్లు అమ్మమ్మే పోయాలి. పీట మీద కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, ముందు నూనె, తర్వాత నీళ్లు. మా ఇంట్లో పెండ్లికి పాస్టరు గారు ఆలస్యమైనా ఊరుకుంటారు, దీనికి మాత్రం మనిషి మారితే ఊరుకోరు. చిన్నమ్మ ఉద్యోగం మానేసింది కూడా అందుకే. "దాని చిన్నతనం నేను చూడలేదు. దాని బిడ్డదన్న చూస్త" అని మస్కట్ నుంచి ఫోన్‌లో చాలాసార్లు అంది.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. ఉద్యోగం దొరకని రోజుల్లో వనపర్తిలో ఒక పన్నుల సార్ దగ్గర రిటర్నులు వేసే పనికి కుదిరి, అక్కడే ఉండిపోయాను. సార్‌కు అరవై దాటాయి. ఆ చలికాలం కంటి ఆపరేషన్ చేయించుకొని మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఆఫీసు నా చేతిలో ఉంది. ఆ విషయం నాకు కొంచెం ఎక్కువే గుర్తుండేది.

ఇక ఇల్లు. నాలుగు గదులు, ముందు వరండా, వెనక రేకుల వంటిల్లు. చిన్నమ్మ జీతంతో కట్టింది. వానాకాలం నుంచి చలికాలం చివరిదాకా హైదరాబాద్ వాళ్లు శని, ఆదివారాలు గడపడానికి వస్తారు. బోటెక్కి, చేపలు తిని, నది ముందు ఫోటోలు దిగి పోతారు. మొదట్లో చిన్నాయన గదులు రోజు అద్దెకు ఇచ్చేవాడు. ఈ ఏడాది ఒక కంపెనీ తన ఉద్యోగుల కోసం మూడు గదులను నెలవారీ అద్దెకు తీసుకుంది, నాలుగోది ఇంటివాళ్లకు మిగిలింది. ఆ కంపెనీ ఉత్తరంలో ఉన్న ప్రశ్న ఒకటే: ఇంటి యజమాని ఈ ఆర్థిక సంవత్సరం రెసిడెంటా, నాన్ రెసిడెంటా?

"యజమాని నేనే. గిక్కడనే ఉన్న. రాసెయ్" అన్నాడు చిన్నాయన. "చాబీలు నా దగ్గర. పరుపులు నేను ఎండేస్త. తాగినోళ్లను నేను పడుకోబెడ్త. అద్దె నాది గాక ఇంకెవరిదిరా?"

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది?"

"మీ చిన్నమ్మ పేరు మీద."

"అయితే అద్దె గూడ ఆమెదే."

"ఆమె మస్కట్ల ఉండె గద?"

"ఇల్లు మస్కట్ల లేదు గద చిన్నాయనా."

రెండేళ్లుగా ఆయన ఆ అద్దెను తన పేరు మీద చూపించుకుంటూ వచ్చాడని అప్పుడే తెలిసింది. మోసం చేద్దామని కాదు. మా వైపు ఇల్లు ఎవరు ఊడిస్తే వాళ్లదిగానే మాట్లాడతారు. నేను నిదానంగా చెప్పాను. మనిషి ఏ దేశంలో ఉన్నా, ఇల్లు ఈ దేశంలో ఉంటే దాని అద్దె మీద పన్ను ఇక్కడే కట్టాలి. కట్టాల్సింది ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లే. అద్దెలోంచి ముందు పంచాయతీకి కట్టిన ఇంటి పన్ను తీసేస్తారు. మిగిలిన దాంట్లో ముప్పై శాతం మరమ్మతుల కింద వదిలేస్తారు, సున్నం వేసినా, వేయకపోయినా. ఆ తర్వాత మిగిలిందే ఆదాయం.

"మంచిదే. సర్కారోడు మనింటికి సున్నం ఏస్తుండన్నమాట" అన్నాడు చిన్నాయన.

"ఆగు, ఇంకోటుంది. యజమాని నాన్ రెసిడెంట్ అయితే, అద్దె ఇచ్చేటోడు ఇచ్చే ముందే నూటికి ముప్పై ఒక్క రూపాయల ఇరవై పైసలు కోసి సర్కారుకు కట్టాలె. రెసిడెంట్ అయితే పది రూపాయలే."

"చేప ఇంక నీళ్లల్ల ఉండంగనే తోక కోసుకపోతరా?"

"రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది మళ్లొస్తది."

"తోక తెచ్చిస్తరు. నేను కుట్టుకోవాలె."

కూతురు నవ్వి, కడుపు పట్టుకొని, నవ్వించొద్దని తండ్రిని కసిరింది. చిన్నమ్మ నవ్వలేదు. పాస్‌పోర్టు నా వైపు జరిపి, "ఈ యేడు నేను ఏ దిక్కు మనిషినో నువ్వే చెప్పు" అంది.

ముద్రలు చూసి షీట్ తయారుచేశాను. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి ముప్పై ఒకటిన ముగుస్తుంది. ఆ లోపల ఇక్కడ నూట ఎనభై రెండు రోజులు ఉంటే రెసిడెంట్. కూతురి పెండ్లికని కూడబెట్టుకున్న సెలవుల మీద చిన్నమ్మ ఏప్రిల్ 18న వచ్చి జూలై 20 దాకా ఉంది. వచ్చిన రోజు, పోయిన రోజు రెండూ కలిపి తొంభై నాలుగు. మళ్లీ డిసెంబర్ 20న వచ్చింది. వచ్చిన రోజును లెక్కలో కలపాలా వద్దా అన్నదాని మీద వాదనలున్నాయి. నేను కలిపాను. అనుమానం ఉన్న చోట ఎక్కువ బరువు లెక్కేసుకోవాలని ఇంజినీరింగ్‌లో మాకు నేర్పారు.

డిసెంబర్ 20 నుంచి ఇక్కడే ఉంటే మార్చి 16కు నూట ఎనభై ఒకటి. మార్చి 17న ఆమె రెసిడెంట్ అయిపోతుంది. అప్పుడు అద్దె ఒక్కటే కాదు, ఈ ఏడాది మస్కట్‌లో వచ్చిన జీతం, మిగిలిన సెలవుల డబ్బు, పందొమ్మిదేళ్ల సర్వీసు ముగింపు డబ్బు, అన్నీ ఇక్కడి లెక్కలోకి వస్తాయని చెప్పాను. మూడు లక్షల పైన పన్ను అవుతుందని చెప్పాను. ఇక ముందు జీతం రాని మనిషికి ఆ డబ్బే ఆధారం.

"అయితే ఏం చేయాలె?" అంది చిన్నమ్మ.

"మార్చి పదహారున దేశం దాటాలె. ఏప్రిల్ ఒకటిన రావాలె. మధ్యల పదిహేను దినాలు."

"దేశం దాటుడంటే నేపాల్ గూడ దాటుడే గద?" అన్నాడు చిన్నాయన. "బస్సుల పంపిద్దాం. మంచు జూసి వస్తది."

"నేపాల్ పోతే పాస్‌పోర్టు మీద ముద్ర పడదు."

"పడకుంటే ఏమాయె? పోయింది నిజమే గద."

"ముద్ర లేని రోజు నా షీట్ల రోజు కాదు."

కూతురు స్కానింగ్ రిపోర్టు తీసి చూసింది. "డాక్టరమ్మ ఏప్రిల్ ఆరు అని రాసింది అన్నా. అమ్మ ఒకటికి వస్తే ఇంక ఐదు దినాలు ఉంటది. సాలుతది గద?"

ఐదు రోజుల మార్జిన్ సరిపోతుందన్నాను. కాలువలో నీటిమట్టం పైన గట్టు ఎంత ఎత్తు మిగలాలో నాకు తెలుసు. కాన్పుకు ఎంత మిగలాలో నేనెక్కడా చదవలేదు.

చిన్నమ్మకు తెలుసు. ఆమె నర్సు. "తొలి కాన్పు తారీకు మాట ఇనదు బిడ్డా" అంది. నేను షీట్‌లోకి చూస్తున్నాను. ఆమే మళ్లీ అంది: "సరే. సదువుకున్నోనివి, నువ్వు చెప్తే గంతే."

కంపెనీకి నాన్ రెసిడెంట్ అని జవాబు రాశాను. చిన్నాయన పాత రిటర్నులు సరిచేశాను. సార్‌ను ఒకమాట అడిగి ఉండవచ్చు. ఆయన ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతలే. కంటికి కట్టు ఉన్న మనిషిని ఎందుకు కదిలించాలని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ షీట్ నాకు చాలా బాగా అనిపించింది. దాని మీద ఇంకొకరి చెయ్యి పడాలనిపించలేదు.

మార్చి 16న చిన్నమ్మ పోయింది. విజిట్ వీసా మీద, వెనకటి ఆసుపత్రిలో తనతో పనిచేసిన ఒక మలయాళీ నర్సు గదిలో ఉండటానికి. తిరుగు టికెట్లు రెండు దొరికాయి. ఒకటి మార్చి 31 రాత్రి పదకొండు నలభైకి హైదరాబాద్‌లో దిగేది, రెండు వేలు తక్కువ. ఇంకొకటి ఏప్రిల్ 1 తెల్లవారుజామున దిగేది. ఆ ఇరవై నిమిషాలు నూట ఎనభై రెండో రోజు అవుతాయి కాబట్టి రెండోది కొన్నాను. అప్పట్లో ఈ విషయం ఇద్దరు ముగ్గురికి గొప్పగా చెప్పుకున్నాను.

మార్చి 24 మధ్యాహ్నం కూతురికి నొప్పులొచ్చాయి. వనపర్తి దవాఖానలో చేర్చి, బయట బెంచీ మీద నేను, చిన్నాయన కూర్చున్నాం. చిన్నాయన ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు. మస్కట్ నుంచి ఫోన్ నాకే వచ్చింది.

"రేపు పొద్దుగాల ఒక విమానం ఉంది. ఎక్కాల్నా?" అంది చిన్నమ్మ.

ఫోన్‌లోనే షీట్ తెరిచాను.

"ఎక్కితే ఏమైతదో నిజం చెప్పు కొడుకా."

"నూట ఎనభై రెండు అయితది."

"అయితే?"

"మూడు లక్షల పైన కట్టాల్సొస్తది."

అవతల ఎవరో మిక్సీ తిప్పుతున్న చప్పుడు. అది ఆగాక ఆమె అడిగింది.

"పరేషాన్ అయితుందా అది?"

"నిన్నే అడుగుతుంది."

"ఒకటికే వస్తనని చెప్పు. నువ్వే చెప్పు. నేను చెప్తే నా గొంతు వినపడ్తది."

లోపలికి పోవడానికి రెండు నిమిషాలకు ఒప్పుకున్నారు. నేను పోయి చెప్పాను. ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం ఏడు దాటాక ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరువందల గ్రాములు.

ఇరవై ఏడున ఇంటికి తెచ్చారు. మొదటి నీళ్లు ఎవరు పోయాలన్న మాట ఎవరూ పైకి అనలేదు. గద్వాల నుంచి మా అమ్మ వచ్చింది. ఆమె కుడి భుజం సరిగా లేవదు. మరుసటి రోజు పొద్దున వెనక పెరట్లో ఆమె పీట మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. చిన్నాయన చెంబు పట్టుకున్నాడు. ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి, వీడియో కాల్ పెట్టడం నా పని.

అటువైపు చిన్నమ్మ కూడా నేల మీద కాళ్లు చాపుకొనే కూర్చుని ఉంది. ఆమె కాళ్ల మీద ఒక దిండు.

"అక్కా, తల జర ఎత్తు. గట్ల కాదు, ఇటు చూడు" అని దిండు తలవైపు కొసను రెండు వేళ్లతో ఎత్తి చూపించింది. "చెవులల్ల నీళ్లు పోనీయకు. అరచెయ్యి అడ్డం పెట్టు."

"ఇద్దరిని పెంచిన. నాకు నేర్పుతున్నవా?" అంది మా అమ్మ.

"నా బిడ్డను గూడ నువ్వే పెంచినవ్ అక్కా. అయినా అరచెయ్యి అడ్డం పెట్టు."

నీళ్లు పడగానే బిడ్డ గట్టిగా ఏడ్చింది. చిన్నమ్మ అక్కడ దిండును తట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ బిడ్డ ఏడుపు ఆగేదాకా ఆమె చెయ్యి ఆగలేదు. నేను ఫోన్ వైపు చూడటం మానేసి, పొయ్యి కింద కట్టెలు సర్దాను. కట్టెలు సర్దాల్సిన అవసరం లేదు, నీళ్లు అప్పటికే కాగాయి. వరసగా నాలుగు పొద్దులు ఇలాగే జరిగింది.

ఏప్రిల్ ఒకటిన చిన్నమ్మ పదింటికి ఇల్లు చేరింది. ఆ రోజు ఆమె వచ్చేదాకా బిడ్డకు నీళ్లు పోయకుండా ఆగారు. ఆమె చేతులు కడుక్కొని, చీర మార్చుకొని, నేరుగా పెరట్లోకి పోయి కూర్చుంది. ఈసారి ఫోన్ అవసరం లేకపోయింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. బిడ్డకు ఎనిమిది రోజులు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, నా లెక్క ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది.

జూలైలో రిటర్నుల పని మొదలైంది. సార్ కొత్త కళ్లద్దాలతో వచ్చి కూర్చున్నాడు. చిన్నమ్మ ఫైల్ ఆయన ముందు పెట్టి, నూట ఎనభై ఒకటి అంకె చూపించి, టికెట్ సంగతి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కాగితం దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూశాడు.

"గీమె ఎనకటి పదేండ్లల్ల ఎన్నేండ్లు నాన్ రెసిడెంటయ్యా?"

"పదేండ్లూ సార్."

"మరి పదిహేను దినాలు బయటికి ఎందుకు పంపినవ్?"

నేను మళ్లీ నూట ఎనభై రెండు అని మొదలుపెట్టాను. ఆయన అల్మారాలోంచి పుస్తకం తీయించి, నేను చదివిన పేజీకి తర్వాతి పేజీని నాతోనే పైకి చదివించాడు. వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్న మనిషి తిరిగి వస్తే, రోజులు దాటినా మామూలు రెసిడెంట్ కాదు. మధ్యలో ఇంకొక మెట్టు ఉంది. ఆ మెట్టు మీద ఉన్నంతకాలం బయట పనిచేసి బయట తీసుకున్న డబ్బు ఇక్కడి లెక్కలోకి రాదు. ఇక్కడి ఇంటి అద్దె ఒక్కటే వస్తుంది. అది ఎలాగూ వచ్చేదే. పైగా రెసిడెంటే కాబట్టి, కంపెనీ ముప్పై ఒకటికి బదులు పదే కోసేది.

చిన్నమ్మ నూట తొంభై ఆరు రోజులు ఇక్కడే ఉన్నా ఆ డబ్బు మీద ఒక్క రూపాయి పడేది కాదు.

సార్ తిట్టలేదు. పుస్తకం మూస్తూ అన్నాడు: "దినాలు మంచిగనే లెక్కవెట్టినవ్. ఏండ్లు లెక్కవెట్టలే."

తర్వాతి ఆదివారం కొల్లాపూర్ బస్సెక్కి సోమశిల పోయాను. దారి పొడుగునా చెప్పాల్సినవి వరసలో పెట్టుకున్నాను: మొదట నియమం, తర్వాత నేను చదవని పేజీ, తర్వాత తప్పు. చేరేసరికి చిన్నమ్మ పెరట్లో పరుపుల దుప్పట్లు ఆరేస్తోంది. నా వరస తలకిందులైంది. తప్పే ముందు చెప్పాను.

ఆమె తడి దుప్పటి చేతిలో పట్టుకొనే విన్నది.

"అంటే ఆ దినం విమానం ఎక్కినా ఏం కాకపోతుండె?"

"కాకపోతుండె."

"మార్చిల పోకున్నా ఏం కాకపోతుండె?"

"కాకపోతుండె చిన్నమ్మా."

వరండాలో నుంచి చిన్నాయన "ఏందిరా ఇంజినీరూ..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. చిన్నమ్మ దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరొక వైపు తిప్పి నీళ్లు పిండాం. నా కొస రెండుసార్లు జారింది. ఆరేశాక ఆమె అంది: "లోపల ఉంది, పోయి దానికి గూడ చెప్పు. నాకు చెప్పినట్టే, తప్పు ముందుగాల."

లోపల కూతురు బిడ్డను ఒళ్లో వేసుకొని కూర్చుంది. చెప్పాను. ఆమె బిడ్డ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పుతూ విన్నది.

"ఆ దినం గోడ దిక్కు తిరిగింది అమ్మ మీది కోపంతోని అన్నా. పైసలకు చూసుకుందని. మూడు నెలలు కడుపుల పెట్టుకున్న. ఆమెకు అన్నం పెట్టినా గదే కోపంతోని పెట్టిన." నా వైపు చూసి అంది: "గిప్పుడు ఆ కోపం నీకియ్యాల్నా?"

ఇయ్యమన్నాను. "జాగ చూసుకో మరి, బరువుంటది" అని, బిడ్డను నా చేతుల్లో పెట్టి, పెరట్లో ఉన్న తల్లి దగ్గరికి పోయింది. కిటికీలోంచి ఇద్దరూ కనబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. మిగిలిన దుప్పట్లు ఇద్దరూ కలిసి పిండారు.

ఇప్పుడు బయటి దేశం నుంచి ఎవరు వచ్చినా, పాస్‌పోర్టు తెరవకముందే ఎన్నేళ్లు ఉన్నారని అడుగుతాను. అద్దెలో ఎక్కువ కోసింది సెప్టెంబర్‌లో చిన్నమ్మ ఖాతాకు తిరిగి వచ్చింది. తోక వచ్చిందని చిన్నాయన ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఏడాది షీట్ నా దగ్గర అలాగే ఉంది. వచ్చిన తేదీలు, పోయిన తేదీలు, మొత్తం నూట ఎనభై ఒకటి. దాని కింద తర్వాత ఒక వరస చేర్చాను.

అమ్మమ్మ పోయని నీళ్లు: నాలుగు.